‘పసి’గట్టే పాఠం

*పుట్టిన బిడ్డల్లో సగానికి పైగా పచ్చబడతారు. ఎక్కువమందికి అదే తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. ఆ కొందరెవరో ముందుగా కనిపెట్టాల్సింది మంచం పక్కనుండే నర్సు. మరి, ఆ చూపు ఆమెకు ఎవరు నేర్పాలి? ఎలా నేర్పాలి? నల్లబల్ల చేయలేని పనిని తెర చేస్తుందా?*

మూడో రోజు. పొత్తిళ్లలో బిడ్డ. ముఖం కాస్త పచ్చగా కనిపిస్తోంది.

‘బంగారు ఛాయ... అచ్చం నాన్నమ్మ పోలిక’ అని మురిసిపోతుంది ఓ పెద్దావిడ. ‘పొద్దుటెండలో కాసేపు పడుకోబెట్టండి, అదే పోతుంది’... ఇది మేనత్త సలహా. ‘ఫలానా ఊళ్లో పసరు పోస్తారట, ఒక్కసారి తీసుకెళ్తే చాలు’... గుమ్మం దగ్గర్నుంచి ఇంకొకరు. బాలింతకు ఈ మాటలేవీ చెవికెక్కడం లేదు. ఆమె చూపంతా మంచాల వరస వెంట నడిచొస్తున్న సిస్టర్ మీదే. ఆ అమ్మాయి ఏమంటే అదే వేదం.

ఆ అమ్మాయికి ఇరవయ్యేళ్లుంటాయి. నర్సింగ్ చదువుతోంది. ఆమె నోటి నుంచి రెండు మాటల్లో ఏదో ఒకటి వస్తుంది. ‘ఏం ఫర్లేదమ్మా’ అనొచ్చు. ‘ఒక్కసారి డాక్టరుగారికి చూపిద్దాం’ అనొచ్చు. రెండూ చిన్న మాటలే. కానీ ఆ రెంటి మధ్యా ఒక్కోసారి ఓ బిడ్డ జీవితమంత దూరం ఉంటుంది.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఇక్కడ చిక్కు దానికి సరిగ్గా తలకిందులు. బిడ్డ నిజంగానే పచ్చబడుతున్నా చూసేవాళ్ల కంటికి అది ఆనదు!

ఎందుకీ పచ్చదనం?

నెలలు నిండి పుట్టిన శిశువుల్లో సుమారు 60 శాతం మందికి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో 80 శాతం మందికి మొదటి వారంలో కామెర్లు కనిపిస్తాయి. తెలంగాణ పల్లెల్లో వీటినే పసిరికలంటారు. పెద్దవాళ్లకు వచ్చే కామెర్లు వేరు, ఇవి వేరు.

తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువ కావాలి. పుట్టి సొంతంగా ఊపిరి తీసుకోవడం మొదలెట్టాక అన్ని అక్కర్లేదు. పైగా పసివాళ్ల రక్తకణాల ఆయుష్షు పెద్దవాళ్ల కణాలకన్నా తక్కువ. దాంతో అవి వేగంగా విచ్ఛిన్నమవుతాయి. అలా విరిగినప్పుడు పుట్టే పసుపుపచ్చని పదార్థమే బిలిరుబిన్. దాన్ని శుద్ధిచేసి మలంతోపాటు బయటకు పంపాల్సింది కాలేయం. అదేమో ఇంకా పని నేర్చుకుంటున్న దశలో ఉంటుంది. వచ్చే సరుకెక్కువ, పంపే దారి ఇరుకు. మిగిలింది రక్తంలో పేరుకుని చర్మం మీద, కళ్లలో పసుపుగా తేలుతుంది.

మామూలుగా ఇది రెండో రోజో మూడో రోజో మొదలై, అయిదో రోజుకల్లా బాగా ముదిరి, రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. బిడ్డ చక్కగా పాలు తాగుతుంటే భయం లేదు. కానీ కొందరిలో కథ వేరేలా నడుస్తుంది. తల్లిది ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయినా, తల్లిది ‘ఓ’ గ్రూపు, బిడ్డది ‘ఎ’ లేదా ‘బి’ అయినా కణాలు మరింత జోరుగా విరిగిపోవచ్చు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల సంగతీ అంతే. ఇన్‌ఫెక్షన్లు, పుట్టేటప్పుడు తలకు తగిలిన కమురు గాయాలు, పాలు చాలకపోవడం... ఇవన్నీ తోడవుతాయి.

బిలిరుబిన్ హద్దు దాటితే మెదడులోకి చొరబడుతుంది. జర్మన్ వైద్యులు దాదాపు నూట ఇరవై ఏళ్ల క్రితమే ఈ స్థితికి ‘కెర్నిక్టెరస్’ అని పేరు పెట్టారు. బతికి బయటపడినా కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండవు. వినికిడి పోవచ్చు. చూపు పైకి తిప్పలేకపోవచ్చు. ఒకసారి జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. అయితే, సకాలంలో గుర్తిస్తే దాదాపు ప్రతి బిడ్డనూ ఆ ప్రమాదం నుంచి తప్పించొచ్చు. అందుకే ఇందులో మందుకన్నా ముందు కావలసింది... చూపు!

ఇంటికెళ్లాకే అసలు కథ

సాధారణ కాన్పయితే రెండు రోజులకే చాలామంది ఇంటికెళ్లిపోతారు. కామెర్లు పెరిగేది మూడు నుంచి అయిదు రోజుల మధ్య. అంటే, రంగు ముదిరే సమయానికి బిడ్డ డాక్టరు కళ్ల ముందు ఉండదు. అమ్మమ్మ ఇంట్లో, అదీ సగం చీకటి గదిలో ఉంటుంది. బాలింతకు గాలి తగలకూడదని కిటికీలు మూసేస్తారు. బిడ్డను మెడదాకా చుట్టేస్తారు. పసుపు ఎలా కనిపిస్తుంది?

కాబట్టి ఆసుపత్రి వదిలే ముందు నర్సు చెప్పే నాలుగు ముక్కలే ఆ ఇంటికి దిక్కు. ఊళ్లో ఆశా కార్యకర్త ఇళ్లకు వెళ్లి చూసే పద్ధతి మన దేశంలో 2011 నుంచి ఉంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో చూడాలి. ఆ మూడో రోజు, ఏడో రోజు సందర్శనలు కామెర్లకు కీలకం. ఆమె చూపు పదునెక్కాలన్నా శిక్షణే కావాలి.

ఇదంతా నర్సింగ్ పాఠ్యపుస్తకాల్లో లేదా? ఉంది. కారణాలు, లక్షణాలు, చికిత్స... వరసపెట్టి ఉంటాయి. పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వస్తే పిల్లలు గడగడా రాసేస్తారు. కానీ ‘చర్మం పసుపురంగులోకి మారును’ అన్న వాక్యం చదివినంత మాత్రాన ఎంత పసుపో, ఏ వెలుగులోనో, చామనఛాయ బిడ్డలో ఎలా పోల్చుకోవాలో తెలుస్తుందా? ఈత గురించి ఎంత చదివినా నీళ్లలో దిగితేనేగా!

నలభై మంది... ఒక్క బిడ్డ

వార్డులో నేర్చుకోవచ్చు కదా అంటారా? అదే అసలైన దారి. కానీ అందులో ఉండే ఇబ్బందులు నర్సింగ్ టీచర్లందరికీ తెలిసినవే. బ్యాచ్‌లో నలభై మంది ఉంటారు. నవజాత శిశు విభాగంలోకి ఒకేసారి అంతమందిని పంపడం కుదరదు. ఇన్‌ఫెక్షన్ల భయం. వెళ్లిన నలుగురిలో ముందు వరసలో నిలబడ్డవాళ్లకే కనిపిస్తుంది. పైగా ఆ వారం వార్డులో కామెర్ల బిడ్డ ఉంటే సరి, లేకపోతే లేదు.

ఇంకో చిక్కూ ఉంది. బిలిరుబిన్ మెదడుకెక్కుతున్నప్పటి లక్షణాలను విద్యార్థిని తన పోస్టింగు మొత్తంలో ఒక్కసారీ చూడకపోవచ్చు. చూడకూడదనే కదా అందరి కోరికా! మొదట బిడ్డ మందకొడిగా ఉంటుంది, పాలు సరిగా చీకదు, ఒళ్లు వేలాడిపోతుంది. తర్వాత గొంతు మారి కీచుమని ఏడుస్తుంది, మెడా నడుమూ వెనక్కి విల్లులా వంగిపోతాయి. ఈ గుర్తులు తెలుసుకోవడానికి ఓ బిడ్డ ఆ స్థితికి చేరేదాకా ఆగలేం. ఆ ఏడుపును పుస్తకం వినిపించలేదు.

వీడియో పాఠం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. తెర ముందు అందరిదీ మొదటి వరసే. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, పదిసార్లు చూడొచ్చు. మామూలుగా ఏడ్చే బిడ్డనూ, ఆ కీచుగొంతు బిడ్డనూ పక్కపక్కనే వినిపించొచ్చు. రొమ్మును గట్టిగా పట్టుకుని గుటక వేస్తున్న బిడ్డనూ, చీకుతూ చీకుతూ నిద్రలోకి జారిపోతున్న బిడ్డనూ పక్కపక్కనే చూపించొచ్చు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. స్లైడ్ ప్రొజెక్టర్లు, వీసీఆర్ క్యాసెట్లు, సీడీలు... నర్సింగ్ తరగతి అన్నీ చూసింది. కాకపోతే అప్పుడవి ఏడాదికోసారి తాళం తీసే గదిలో ఉండేవి. 2020లో కరోనా వచ్చి కాలేజీలూ వార్డు పోస్టింగులూ ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు వీడియోలే దిక్కయ్యాయి. 2021-22 నుంచి అమల్లోకొచ్చిన బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ సిలబస్‌లో భారతీయ నర్సింగ్ మండలి సిమ్యులేషన్ సాధనకూ చోటిచ్చింది. అమెరికాలోని వెర్మాంట్ నుంచి పనిచేసే గ్లోబల్ హెల్త్ మీడియా ప్రాజెక్ట్ అనే సంస్థ, పేద దేశాల ఆరోగ్య కార్యకర్తల కోసం పసిపిల్లల సంరక్షణ మీద చిన్నచిన్న చిత్రాలు తీసి పలు భాషల్లో ఉచితంగా ఇస్తోంది. వాటిలో కామెర్ల పాఠమూ ఒకటి.

ఓ సిస్టర్ కంటపడిన ముక్కోణం

నర్సు చూపుకి ఉన్న విలువేంటో తెలియాలంటే ఓ పాత సంగతి చెప్పుకోవాలి. ప్రతి కామెర్ల పాఠమూ దీంతోనే మొదలైతే బాగుంటుంది.

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో రోచ్‌ఫర్డ్ జనరల్ ఆసుపత్రి. 1956 వేసవి. నెలలు నిండని పిల్లల వార్డు బాధ్యురాలు సిస్టర్ వార్డ్. మూసిన గదిలో ఉక్కపోతకన్నా ఆరుబయట గాలీ వెలుతురే పిల్లలకు మేలన్నది ఆమె నమ్మకం. ఎండ హాయిగా ఉన్న రోజుల్లో పసివాళ్లను ఆవరణలోకి తీసుకెళ్లి, డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చేలోపు మళ్లీ లోపలికి చేర్చేది. ఒకరోజు ఓ బిడ్డ బట్టలు తీసి మొహమాటపడుతూనే డాక్టర్లకు చూపించింది. ఒళ్లంతా లేత పసుపు, ఒక్కచోట మాత్రం ముక్కోణం ఆకారంలో చిక్కని పసుపు. ఏదైనా మందు పూశావా అని అడిగారు డాక్టర్లు. కాదు, దుప్పటి కొస కప్పి ఉన్నచోటు అలాగే ఉండిపోయింది, ఎండ తగిలిన మిగతా ఒళ్లే పలచబడిందన్నది ఆమె సమాధానం.

కొన్ని వారాలకు మరో విచిత్రం. కామెర్ల బిడ్డ రక్తం ఉన్న గొట్టం ఒకటి కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయింది. పరీక్షిస్తే బిలిరుబిన్ ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ! డాక్టర్ క్రెమర్, ఆయన సహచరులు ఈ దారిలో పరిశోధించి, వెలుగుతో కామెర్లు తగ్గించొచ్చని 1958లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. పదేళ్ల తర్వాత, 1968లో వెర్మాంట్‌లోనే డాక్టర్ లూసీ బృందం చేసిన అధ్యయనంతో అది అమెరికాలోనూ నిలదొక్కుకుంది. ఇవాళ ప్రపంచమంతటా పసిపిల్లల వార్డుల్లో వెలిగే నీలి దీపాలకు మూలం... ఓ నర్సు కంటపడిన ముక్కోణం!

అలాగని ‘చూశారా, ఎండే మందన్నమాట’ అనుకోకూడదు. పనిచేసేది ప్రధానంగా 460-490 నానోమీటర్ల మధ్య ఉండే నీలి వెలుగు. అది చర్మంలోని బిలిరుబిన్ రూపాన్ని మార్చేస్తుంది. అప్పుడది కాలేయం శుద్ధిచేయాల్సిన అవసరం లేకుండానే బయటకు పోగలదు. ఎండలో ఆ వెలుగుతోపాటు కాల్చే కిరణాలూ, వేడీ ఉంటాయి. బట్టల్లేకుండా పడుకోబెడితే చలిపట్టొచ్చు కూడా. ఎంత వెలుగు అందిందన్న లెక్కా ఉండదు. హాని చేసే కిరణాలను వడగట్టే ప్రత్యేక తెరల కింద ఎండను వాడి, లాగోస్‌లో పరిశోధకులు సత్ఫలితాలు సాధించారు. 2015లో అవి వెలువడ్డాయి. అది వైద్యుల పర్యవేక్షణలో జరిగిన పని. మన పెరట్లో మంచం వేసి చేసేది కాదు.

తెరమీద ఏముండాలి?

మంచి వీడియో పాఠం గంటల తరబడి సాగదు. పది నిమిషాల ముక్కలు నాలుగైనా ఒక్కో ముక్కలో ఒకే పని నేర్పాలి.

మొదటిది, చూడటం. బిడ్డను కిటికీ దగ్గర పగటి వెలుతురులోకి తేవాలి. బట్టలు విప్పాలి. నుదుటి మీద, ఛాతీ మీద, మోకాలి మీద వేలితో మెత్తగా నొక్కి వదలాలి. రక్తం పక్కకు తొలగిన ఆ క్షణంలో కింది రంగు బయటపడుతుంది. కామెర్లు తలనుంచి పాదాలకు దిగుతాయి. ముందు ముఖం, తర్వాత ఛాతీ, ఆపైన పొట్ట, తొడలు, కాళ్లూ చేతులూ, చివరికి అరచేతులు, అరికాళ్లు. ఈ మెట్లను 1969లో క్రేమర్ అనే వైద్యుడు వివరించాడు. అరికాళ్లు పచ్చబడ్డాయంటే ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. కానీ కన్ను చెప్పేది ‘ఉందా లేదా’ అన్నంతవరకే. ‘ఎంత’ అన్నది చెప్పాల్సింది రక్తపరీక్ష, లేదా చర్మానికి ఆనించి చూసే మీటరు. కంటి అంచనాతోనే చికిత్స తేల్చకూడదని తర్వాతి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

రెండోది, లెక్క. బిలిరుబిన్ ఎంతుందన్న అంకె ఒక్కటే చాలదు. బిడ్డ పుట్టి ఎన్ని గంటలైంది, ఎన్ని వారాలకు పుట్టింది అన్నవీ కలిపి చార్టు మీద చూడాలి. నాలుగో రోజు ఏమాత్రం భయపెట్టని అంకె, మొదటి రోజు కనిపిస్తే ప్రమాద సూచిక.

మూడోది, నీలి లైటు. మనవాళ్లు ‘బాక్సులో పెట్టారు’ అంటుంటారే, అదే. కళ్లకు గంతలు కట్టాలి, అవి జారి ముక్కు మూయకుండా చూడాలి. డైపర్ తప్ప ఒంటిమీద ఏమీ ఉండకూడదు. లైటుకూ బిడ్డకూ మధ్య ఎంత దూరమన్నది యంత్రం తయారీదారు చెప్పినట్టే పాటించాలి. జ్వరం చూస్తుండాలి. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. మూత్రం, విరేచనం లెక్క రాయాలి. విద్యార్థులు తరచూ మరిచిపోయే సంగతి ఇంకోటుంది. నీలి లైటు కింద బిడ్డ రంగు చూసి ఏమీ చెప్పలేం. లైటు ఆర్పినా చెప్పలేం. ఎందుకంటే చర్మం ముందు తెల్లబడుతుంది, రక్తంలో మాత్రం ఇంకా ఉంటుంది.

నాలుగోది, మాట్లాడటం. తల్లితో ఎలా చెప్పాలో నటించి చూపే ముక్క. ఇది లేని వీడియో ఎంత అందంగా తీసినా సగం పాఠమే.

తెర మోసం చేస్తుంది!

ఇంత చెప్పాక రెండోవైపూ చూడాలి. పాఠం రంగు గురించి. తెర సరిగ్గా చూపలేనిదీ రంగునే!

ఒకే వీడియోను నాలుగు ఫోన్లలో పెట్టి చూడండి. ఒకదాంట్లో బిడ్డ తెల్లగా, ఒకదాంట్లో గోధుమగా, రాత్రిపూట కళ్లకు హాయినిచ్చే సెట్టింగు పెట్టిన ఫోన్లోనైతే అందరూ కామెర్ల పిల్లలే! కెమెరా తనంతట తానే రంగులు సరిదిద్దుతుంది. గోడ పసుపు, దుప్పటి పసుపు ఉన్నా లెక్క మారిపోతుంది. అందుకే వీడియో ‘ఎక్కడ చూడాలి, ఎలా నొక్కాలి, ఏం వినాలి’ అన్నవే నేర్పాలి. ‘ఇదిగో ఇంత పసుపైతే ఇన్ని మిల్లీగ్రాములు’ అని నేర్పకూడదు. ఆ ముడి పడాల్సింది వార్డులో, అసలు బిడ్డ దగ్గర. తన అంచనాను ముందు కాగితం మీద రాసుకుని, ల్యాబు రిపోర్టు వచ్చాక పోల్చుకునే అలవాటు విద్యార్థినికి చేస్తే చాలు. తన కన్ను ఎంత పొరబడుతుందో ఆమెకే తెలుస్తుంది. పొరబడతానని తెలిసిన కన్నే జాగ్రత్తగా చూస్తుంది.

ఇంకో మాట. వీడియోకు ముందు ఓ పరీక్ష, చూపించాక ఓ వారానికి మళ్లీ అదే పరీక్ష... నర్సింగ్ కాలేజీల్లో చేసే ప్రాజెక్టుల్లో ఈ పద్ధతి చాలా మామూలు. మార్కులు పెరగడం సంతోషమే. కానీ మార్కులు పెరిగింది జవాబు పత్రంలో. ఆ అమ్మాయి చేతివేలు బిడ్డ ఛాతీ మీద ఎలా ఆనింది, తల్లితో ఏం మాట్లాడింది అన్నవి కూడా చూస్తేనే అది నిజమైన పరీక్ష. అలాగే, వీడియోలో కనిపించే బిడ్డకూ ఓ తల్లి ఉంటుంది. ఆమె అనుమతి లేకుండా ఏ బిడ్డ ముఖాన్నీ ఫోన్లో బంధించకూడదు. గ్రూపుల్లో తిప్పడం అసలే కూడదు.

మన ఇంటి మాటల్లో...

మన నర్సింగ్ విద్యార్థుల్లో చాలామంది పల్లెల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు. ఆంగ్ల వ్యాఖ్యానం వేగంగా సాగిపోతుంటే బొమ్మ అర్థమైనా భావం జారిపోతుంది. పైగా విదేశీ వీడియోలో పసరు ఉండదు, వాత ఉండదు, కలరా ఉండలూ ఉండవు. మన ఇళ్లలో ఇవన్నీ ఉన్నాయి.

పాతచీరల మెత్తదనం బిడ్డకు హాయి. నిజమే. కానీ ఆ చీరలున్న పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంటే? జీ6పీడీ లోపమున్న బిడ్డకు ఆ వాసనే రక్తకణాలను విరగ్గొట్టేయొచ్చు. పసరు పోయడం, వాత పెట్టడం వల్ల కామెర్లు తగ్గవు సరికదా పుళ్లు, ఇన్‌ఫెక్షన్లు, కాలయాపన. ‘తల్లి పసుపు తింది, అందుకే బిడ్డకొచ్చింది’ అని పథ్యం పెట్టి బాలింతను మాడ్చడం మరో పొరపాటు. తిండిలోని పసుపుకీ, బిడ్డ ఒంటిమీది పసుపుకీ సంబంధమే లేదు. చక్కెర నీళ్లు పట్టినా లాభం లేదు. పాలు తాగితేనే విరేచనం, విరేచనమైతేనే బిలిరుబిన్ బయటకు పోవడం. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తల్లిపాలు... అంతకు మించిన ఇంటి వైద్యం లేదు.

వీటిని ఎగతాళి చేయకుండా, పెద్దావిడను నొప్పించకుండా చెప్పడం ఓ కళ. ‘అమ్మమ్మా, మీరు బిడ్డను బాగా చూసుకుంటారని తెలుసు. ఒక్క పని చేయండి. రోజూ పొద్దున కిటికీ తలుపు తీసి, గుడ్డ విప్పి, అరికాలు చూడండి’ అనగలిగితే ఆవిడ శత్రువు కాదు, కాపలా మనిషవుతుంది. ఈ ముక్క నేర్పే వీడియో మన నేలమీద, మన మాటల్లోనే తయారవ్వాలి. అందుకు పెద్ద స్టూడియో ఏమీ అక్కర్లేదు. ఓ బొమ్మ శిశువు, ఓ ఫోను, అమ్మమ్మగా నటించడానికి ఓ సీనియర్ టీచరు ఉంటే చాలు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు!

* పుట్టిన 24 గంటల్లోపే పచ్చదనం కనిపిస్తే.
* అరచేతులు, అరికాళ్లు పచ్చబడితే.
* పాలు తాగకుండా, లేపినా లేవకుండా మగతగా ఉంటే.
* కీచుగొంతుతో ఏడుస్తున్నా, మెడ వెనక్కి విరుస్తున్నా, జ్వరం, ఫిట్స్ ఉన్నా.
* నెలలు నిండిన బిడ్డలో రెండు వారాలు, నిండని బిడ్డలో మూడు వారాలు దాటినా తగ్గకపోతే.
* విరేచనం సున్నంలా తెల్లగా, మూత్రం ముదురు పసుపుగా ఉంటే. ఇది పైత్యనాళాల్లో అడ్డంకి కావొచ్చు. రెండు నెలలలోపు ఆపరేషన్ జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది కాబట్టి ఒక్కరోజూ వృథా చేయొద్దు.

మళ్లీ ఆ మూడో రోజు మంచం దగ్గరికి వెళ్దాం. ఆ ఇరవయ్యేళ్ల అమ్మాయి వచ్చింది. ‘ఏం ఫర్లేదు’ అనలేదు. ‘అయ్యో’ అనీ అనలేదు. కిటికీ తెర తొలగించింది. పొత్తిళ్లు విప్పింది. బిడ్డ ఛాతీ మీద చూపుడువేలు మెత్తగా ఆనించి వదిలింది. తర్వాత మోకాలు. తర్వాత అరికాలు. చేతి గడియారం చూసి, బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందో లెక్కవేసింది. అప్పుడు అమ్మ వైపు తిరిగి, ‘పాలు ఎన్నిసార్లు తాగాడమ్మా?’ అని అడిగింది.

అంతే. పాఠం తెరమీద నుంచి వేలికొసకు చేరింది.